మాల్టు తడిసే ముందే

బీరు కాచుకునే మిత్రులు ఫోన్ చేసి, ఇంటి సంగతులన్నీ అయ్యాక, దాదాపు ఎప్పుడూ ఒకే ప్రశ్న అడుగుతారు: "మా కుళాయి నీళ్ల పీహెచ్ 8 ఉందండీ, పనికొస్తాయా?" పనికొస్తాయి. 8 ఉన్నా పనికొస్తాయి, 8.5 ఉన్నా పనికొస్తాయి. నీళ్లలో మాల్టు కలిపాక పీహెచ్ ఎక్కడ ఆగుతుందన్నదే మనకు కావాలి. ఆ సంగతి నీళ్ల పీహెచ్ చూస్తే తెలియదు. మరి దేన్ని చూస్తే తెలుస్తుందో ఇవాళ తీరిగ్గా మాట్లాడుకుందాం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి, చిన్న లెక్కొకటి చేయాలి.

ముందుగా ఒక మాట. ఈ కబుర్లు ఇంట్లో బీరు కాచుకోవడానికి చట్టం ఒప్పుకునే చోట ఉన్నవాళ్లకు. అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఇందుకు కేంద్రం అనుమతి వచ్చింది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా పన్ను లేకుండా కాచుకోవచ్చు, అమ్మకూడదు. అక్కడ స్థిరపడిన మనవాళ్లలో గరాజులో బర్నరు పెట్టుకుని శనివారాలు దీనికే కేటాయించేవాళ్లున్నారు. ఆంధ్ర, తెలంగాణల్లో మాత్రం లైసెన్సు లేకుండా కాయడం కుదరదు. ఇక్కడున్నవాళ్లు ఇది చదువుకుని, ఈసారి హైదరాబాదులో ఏ మైక్రోబ్రూవరీకో వెళ్లినప్పుడు గ్లాసును కొంచెం ఆలోచనగా చూడండి.

మాష్ అంటే తెలిసినవాళ్లు ఈ పేరా దాటేయొచ్చు. బార్లీని మొలకెత్తించి, ఆరబెట్టి, వేడిగాలికి ఎండబెడితే మాల్టు. దాన్ని బరకగా మరపట్టి 65 నుంచి 68 డిగ్రీల సెల్సియస్ వేడి నీళ్లలో గంటసేపు నానబెడతాం. అదే మాష్. గింజలో మొలకతోపాటు పుట్టిన ఎంజైములు ఆ గంటలో పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొడతాయి. వడగడితే వచ్చే తియ్యటి రసం వర్ట్. దాన్ని చేదునిచ్చే హాప్స్ పూలు వేసి మరిగించి, చల్లార్చి, ఈస్టు కలిపితే బీరు.

ఈ ఎంజైములకు వేడి ఎంత ముఖ్యమో పులుపూ అంతే ముఖ్యం. ఆల్ఫా అమైలేజు, బీటా అమైలేజు రెండూ సుఖంగా పనిచేసే చోటు పీహెచ్ 5.2కూ 5.6కూ మధ్య ఉంది. అంతకన్నా పైకి, 5.8కో 6కో పోతే చక్కెర తయారీ మందగిస్తుంది, వర్ట్ రంగు ముదురుతుంది, హాప్స్ చేదు మొరటుగా నాలుకను పట్టుకుంటుంది. గింజ పొట్టులోని వగరంతా రసంలోకి దిగుతుంది. మరీ కిందికి, 5కు దిగువకు జారితే ఎంజైములే నీరసించిపోతాయి, బీరు పలచగా, పుల్లగా తయారవుతుంది. బాగా కుదిరిన లేత రంగు బీరులో మాల్టు రుచి, హాప్స్ రుచి వేటికవి విడివిడిగా తెలుస్తాయి. ఆ స్పష్టతకు సగం కారణం మాష్ పీహెచ్ అని నా గట్టి నమ్మకం. కొత్తవాళ్లు ఖరీదైన హాప్స్ కోసం, వింత ఈస్టుల కోసం పెట్టే ఖర్చులో పదోవంతు దీనిమీద పెడితే వాళ్ల బీరు మారిపోతుంది.

అసలు పీహెచ్ కొలమానమే బీరు కంపెనీ ప్రయోగశాలలో పుట్టింది తెలుసా? కోపెన్‌హాగన్‌లో కార్ల్స్‌బర్గ్ యజమాని జేకబ్‌సన్ 1875లో ఒక ప్రయోగశాల నెలకొల్పాడు. అక్కడ రసాయన విభాగాన్ని నడిపిన సోరెన్ సోరెన్‌సెన్ ఎంజైముల మీద పనిచేస్తూ, ద్రావణంలో ఆమ్లం కాస్త అటూ ఇటూ అయితే ఎంజైము పనితీరు ఎంతగా మారిపోతుందో గమనించాడు. కలిపిన ఆమ్లం ఎంతన్నది చెబితే చాలదు, ద్రావణంలో స్వేచ్ఛగా తిరిగే హైడ్రోజన్ అయాన్లు ఎన్నో చెప్పాలి. అందుకోసం 1909లో ఆయన పీహెచ్ స్కేలును ప్రకటించాడు. ఇవాళ ఆక్వేరియం వాళ్లూ, రక్తపరీక్షల వాళ్లూ, పొలంలో మట్టి చూసేవాళ్లూ వాడే కొలత అది. దాన్ని కొలిచే పని సులువైంది మాత్రం 1934లో, కాలిఫోర్నియాలో ఆర్నాల్డ్ బెక్‌మన్ నిమ్మరసం పులుపు కొలవడానికి మీటరు తయారుచేశాక. ఎంజైముల కోసం పుట్టిన స్కేలు, నిమ్మకాయల కోసం పుట్టిన మీటరు: మాష్ పక్కన నిలబడినప్పుడు ఈ రెండూ గుర్తుకొస్తే నాకు ఎంతో సంతోషంగా ఉంటుంది.

సరే, నీళ్ల దగ్గరికి వద్దాం. నీళ్ల పీహెచ్ వేరు, నీళ్ల క్షారత వేరు. పీహెచ్ ఈ క్షణాన నీళ్లు ఎక్కడున్నాయో చెబుతుంది. క్షారత, అంటే రిపోర్టుల్లో కనిపించే ఆల్కలినిటీ, ఆ నీళ్లను పులుపు వైపు లాగబోతే ఎంత మొండికేస్తాయో చెబుతుంది. ఆ మొండితనానికి మూలం బైకార్బొనేటు. మాల్టు తనంతట తాను కొంచెం పుల్లనిది, అది పీహెచ్‌ను కిందికి లాగుతుంటే బైకార్బొనేటు పట్టి ఆపుతుంది. పీహెచ్ 8.5 ఉండి బైకార్బొనేటు లేని నీళ్లు మాల్టు తగలగానే లొంగిపోతాయి. పీహెచ్ 7 మాత్రమే ఉండి బైకార్బొనేటు దండిగా ఉన్న బోరు నీళ్లు లొంగవు.

బోరు నీళ్లంటే గుర్తొచ్చింది. ఆ నీళ్లలో కందిపప్పు ఉడకదని మన ఇళ్లలో చిటికెడు తినే సోడా వేస్తారు కదా. అక్కడ అడ్డుపడేది కాల్షియం, సాయం చేసేది బైకార్బొనేటు. మాష్‌లో ఇది తిరగబడుతుంది. కాల్షియం మనవైపు, బైకార్బొనేటు ఎదుటివైపు. మాల్టులోని ఫాస్ఫేట్లతో కాల్షియం కలిసి గట్టిపడి కిందకు చేరేటప్పుడు హైడ్రోజన్ అయాన్లు విడుదలవుతాయి, పీహెచ్ తగ్గుతుంది. మెగ్నీషియమూ ఇదే పని చేస్తుంది, దాని బలం సగం. కాబట్టి "మా నీళ్లు కఠినమైనవి" అని ఎవరైనా అంటే అది మంచి వార్తో చెడ్డ వార్తో అప్పుడే చెప్పలేం. ఆ కాఠిన్యం జిప్సం నుంచి వచ్చిందా, బైకార్బొనేటును వెంట తెచ్చే సున్నపురాయి నుంచి వచ్చిందా అని అడగాలి. ఇంగ్లండులో బర్టన్ నీళ్లలో జిప్సం దండిగా ఉంది, అందుకే అక్కడ లేత రంగు పేల్ ఏల్ అంత పేరు తెచ్చుకుంది. మ్యూనిక్ నీళ్లలో బైకార్బొనేటు ఎక్కువ, అక్కడ తరతరాలుగా ముదురు రంగు లాగర్లు బాగా కుదిరాయి. ముదురు మాల్టుకున్న పులుపు ఆ క్షారతను మింగేస్తుంది. పిల్సెన్ నీళ్లలో ఏమీ లేనట్టే. 1842లో యోసెఫ్ గ్రోల్ కాచిన బంగారు రంగు బీరు ఆ మెత్తటి నీళ్లలో కుదిరింది.

ఈ లాగులాటను ఒక్క అంకెలోకి తెచ్చినవాడు జర్మన్ శాస్త్రవేత్త పాల్ కోల్‌బాఖ్. 1953లో ఆయన అచ్చువేసిన సూత్రాన్ని ఇప్పటికీ వాడుతున్నాం. క్షారతలోంచి కాల్షియం, మెగ్నీషియం చేసే సాయాన్ని తీసేస్తే మిగిలేది మిగులు క్షారత, పుస్తకాల్లో రెసిడ్యువల్ ఆల్కలినిటీ. లీటరుకు మిల్లీగ్రాముల్లో అయితే కాల్షియాన్ని 1.4తో, మెగ్నీషియాన్ని 1.7తో భాగించి, ఆ రెండూ కలిపి, క్షారతలోంచి తీసేయండి. క్షారత కాల్షియం కార్బొనేటు లెక్కలో ఉండాలి. రిపోర్టులో బైకార్బొనేటు మాత్రమే ఇస్తే దాన్ని 0.82తో హెచ్చించండి. ఈ చిన్న వివరాలు చూసుకోకుండా ముందుకు వెళ్లొద్దు.

ఇప్పుడు రెండో పక్షం, మాల్టు. దీని గురించే తక్కువ మాట్లాడుకుంటాం, నిజానికి పెద్ద వాటా దీనిదే. ఏ లవణమూ లేని డిస్టిల్డ్ నీళ్లలో కలిపితే లేత మాల్టు దాదాపు 5.7 దగ్గర ఆగుతుంది. పిల్సనర్ మాల్టు అయితే ఇంకాస్త పైన. మ్యూనిక్ మాల్టు 5.4, 5.5 దగ్గర. క్రిస్టల్ మాల్టు, నల్లగా వేయించిన మాల్టు 4.5 నుంచి 5 మధ్య. అందుకే "ఆర్వో నీళ్లు వాడుతున్నాను, నాకు ఏ బెంగా లేదు" అనే వాళ్లకు నేను మెల్లగా ఈ సంగతి చెబుతుంటాను. నీళ్లు ఎంత స్వచ్ఛమైనా, లేత మాల్టు ఒక్కటే వేస్తే మనం కోరుకునే 5.4కు అది తనంతట దిగిరాదు. పైగా ఆర్వో నీళ్లలో కాల్షియం ఉండదు. ఆల్ఫా అమైలేజు వేడికి తట్టుకోవడానికి కాల్షియం కావాలి, లీటరుకు 50 మిల్లీగ్రాములైనా ఉంటే మంచిది.

ఇక లెక్క. మాల్టుకు ఇంకో గుణముంది: పీహెచ్ మారనివ్వకుండా నిలదొక్కుకునే శక్తి. కిలో మాల్టు పీహెచ్‌ను ఒక పాయింటు కదపాలంటే సుమారు 30 నుంచి 50 మిల్లీ ఈక్వివలెంట్ల (ఆమ్లాన్నీ క్షారాన్నీ ఒకే లెక్కలో కొలిచే ప్రమాణం) ఆమ్లం పడుతుంది. 40 అనుకుందాం. 5 కిలోల లేత మాల్టు, 15 లీటర్ల నీళ్లు. మాష్ మొత్తాన్ని ఒక పాయింటు కదపడానికి 200 కావాలన్నమాట. నీళ్లు మిషిగన్ సరస్సు నీళ్లలాంటివి అనుకోండి: క్షారత 105, కాల్షియం 35, మెగ్నీషియం 12. భాగించి తీసేస్తే 105లోంచి 25, 7 పోయి మిగులు 73. దాన్ని 50తో భాగిస్తే లీటరుకు 1.46 మిల్లీ ఈక్వివలెంట్లు, 15 లీటర్లకు 22. ఇరవై రెండును 200తో భాగిస్తే 0.11. మాల్టు సొంత అంకె 5.7కు ఇది కలిపితే 5.81. ఇదీ మన జోస్యం. మాల్టు ఇంకా సంచిలోనే ఉంది, పొయ్యి వెలిగించలేదు, అయినా మాష్ ఎక్కడ నిలబడుతుందో తెలిసిపోయింది. ఎన్నిసార్లు చేసినా ఈ ఘట్టం నాకు ముచ్చటగానే ఉంటుంది.

మనకు కావలసింది 5.4. ముందు లవణాలతో మొదలుపెట్టండి. జిప్సం 3 గ్రాములు, కాల్షియం క్లోరైడు 3 గ్రాములు వేస్తే ఈ 15 లీటర్లలో కాల్షియం లీటరుకు 100 మిల్లీగ్రాములు పెరుగుతుంది. మిగులు క్షారత సున్నాకు వచ్చేస్తుంది, జోస్యం 5.7కు దిగుతుంది. జిప్సంలోని సల్ఫేటు హాప్స్ చేదుకు పదును ఇస్తుంది, క్లోరైడు మాల్టు రుచికి నిండుదనం ఇస్తుంది, కాబట్టి రెండింటి పాళ్లు మీ ఇష్టాన్ని బట్టి. కాల్షియం క్లోరైడు గాలిలోని తేమను లాగేసుకుంటుంది. మూత బిగించకపోతే నెల తర్వాత మీరు తూచే 3 గ్రాముల్లో నీళ్లే ఎక్కువ.

ఇంకా 0.3 దిగాలి. 200లో 0.3 అంటే 60 మిల్లీ ఈక్వివలెంట్లు. దుకాణాల్లో దొరికే 88 శాతం లాక్టిక్ ఆమ్లం మిల్లీలీటరులో 11.7 ఉంటాయి. సుమారు 5 మిల్లీలీటర్లు చాలు. లవణాలు వేయకుండా ఆమ్లంతోనే సాధించాలనుకుంటే 7 పట్టేది. 20 లీటర్ల బీరులో 5 మిల్లీలీటర్లు నాలుకకు తెలియవు, 8 దాటితే కొందరికి పెరుగు పులుపు తగులుతుంది. అందుకే లవణాలు ముందు, ఆమ్లం తర్వాత. ఫాస్ఫారిక్ ఆమ్లానికి రుచి ఇంకా తక్కువ. జర్మన్లకు 1516 నాటి బీరు కట్టుబాటు ఉంది, సీసాలోని ఆమ్లం పోయడం వాళ్ల సంప్రదాయం ఒప్పుకోదు. గింజమీద సహజంగా ఉండే లాక్టిక్ బాక్టీరియాతో మాల్టునే పులియబెట్టి వాడతారు. ఆ ఆసిడ్ మాల్టు మొత్తంలో 1 శాతం వేస్తే పీహెచ్ 0.1 దిగుతుంది. మన లెక్కకు 150 గ్రాములు. గుర్తుపెట్టుకోవడానికి ఇంతకన్నా సులువైన కొలత లేదు, కొత్తవాళ్లకు నేను దీన్నే సూచిస్తాను.

నల్లటి స్టౌటు బీరు కాచేటప్పుడు కథ మారుతుంది. నల్ల మాల్టు పదో వంతు వేస్తే దాని పులుపే పీహెచ్‌ను 0.1 నుంచి 0.2 దాకా దించుతుంది, ఇంకా ముదురు వంటకమైతే మెత్తటి నీళ్లలో 5.2కు దిగువకు పోవచ్చు. అప్పుడు పైకి లేపాలి. సుద్దపొడి వేయమని పాత పుస్తకాల్లో ఉంటుంది, అది మాష్‌లో సరిగ్గా కరగదు, వేసినంత ఫలితం రాదు. తినే సోడా పనిచేస్తుంది, సోడియం పెరుగుతుంది కాబట్టి కొద్దిగానే వాడాలి. తడి సున్నం చాలా బలమైనది, పావు గ్రాముకూ అర గ్రాముకూ తేడా చూపే చిన్న త్రాసు ఉంటేనే ముట్టుకోండి. సున్నం సత్తా మన గీత కార్మికులకు కొత్త కాదు. నీరా పులిసి కల్లు కాకుండా ఉండాలని కుండకు లోపల పూసేది ఈ సున్నమే. పీహెచ్ పైకి పోతే ఆ రసాన్ని పులియబెట్టే సూక్ష్మజీవులకు పని సాగదు.

"ఇంత లెక్క దేనికండీ, మాష్ కలిపాక మీటరు పెట్టి, ఎక్కువుంటే ఆమ్లం పోస్తే పోదా?" అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ గడియారం చూడండి. మాల్టు, నీళ్లు బాగా కలిసి పీహెచ్ ఒకచోట కుదురుకోవడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది. అప్పుడు గరిటెడు రసం తీసి, మామూలు గది వేడికి చల్లార్చి, కొలిచి, ఆమ్లం పోసి, మళ్లీ కలిపి, మళ్లీ ఆగి చూసేసరికి అరగంట దాటుతుంది. ఇవాళ్టి మాల్టు బాగా మొలకెత్తించిన మాల్టు, ఎంజైములు పుష్కలం, పిండి చాలా మటుకు అప్పటికే విడిపోయి ఉంటుంది. అందుకే దిద్దుబాటు మాల్టు తడిసే ముందే జరగాలి. మీటరు చూపిన అంకెను ఈ మాష్ కోసం కంగారుపడుతూ చూడొద్దు, రాబోయే మాష్‌కు లెక్క సరిచేసుకోవడానికి రాసుకోండి.

కొలవడమూ శ్రద్ధగా చేయాలి. మీటరును ఆ రోజే 4, 7 బఫర్ ద్రావణాలతో సరిచూడండి. వేడి మాష్‌లో ప్రోబును ముంచొద్దు. 65 డిగ్రీల దగ్గర పీహెచ్ నిజంగానే 0.2 నుంచి 0.3 దాకా తక్కువ ఉంటుంది, ఇక్కడ చెప్పిన అంకెలన్నీ చల్లార్చిన రసానివి. మీటరు మీద వేడిని సరిదిద్దే సదుపాయం ఉందని రాసి ఉంటే అది ప్రోబు స్పందనను సరిదిద్దుతుంది, రసంలో వచ్చే మార్పును కాదు. వేడికి ప్రోబు గాజూ త్వరగా చెడుతుంది. స్టీలు గిన్నెలో నాలుగు చెంచాల రసం పోసి ఐసు నీళ్లలో పెడితే నిమిషంలో చల్లారుతుంది. పని అయ్యాక ప్రోబును పొటాషియం క్లోరైడు ద్రావణంలో ఉంచండి, డిస్టిల్డ్ నీళ్లలో వదిలేస్తే పాడవుతుంది. కాగితపు పట్టీలతో ఈ పని కాదు. మనకు కావలసిన తేడా 0.1, ఆ రంగుల్లో అది కనిపించదు.

మాష్ వడగట్టాక మాల్టును కడిగే నీళ్ల గురించీ అడుగుతారు. వాటిలో క్షారత తీసేయడమే ముఖ్యం. ఆమ్లంతో 5.5 నుంచి 6 మధ్యకు తెచ్చి, వేడి 77 డిగ్రీలు దాటకుండా చూసుకుంటే పొట్టు వగరు రాదు.

లెక్కలు చేసిపెట్టే స్ప్రెడ్‌షీట్లు, యాప్‌లు బోలెడున్నాయి. జాన్ పామర్, కోలిన్ కమిన్‌స్కీ కలిసి 2013లో నీళ్ల మీదే ఒక పుస్తకం రాశారు, ఓపికున్నవాళ్లు తప్పక చదవాలి. వాడండి, చదవండి. అయితే ఒకే వంటకాన్ని రెండు యాప్‌లలో పెడితే రెండు జవాబులు రావచ్చు. నీళ్ల లెక్కలో అవి పెద్దగా విభేదించవు, మాల్టు అంకెను ఎవరికి తోచినట్టు వాళ్లు ఊహిస్తారు కాబట్టి ఆ తేడా. ఒక రైతు బార్లీ, ఒక మాల్టింగ్ కొలిమి, ఒక ఏటి పంట ఇంకోదానిలా ఉండవు. ఆ అంకెను మీరే కనుక్కోవచ్చు. కొత్త బస్తా విప్పిన రోజు 50 గ్రాముల మాల్టు మరపట్టి, 65 డిగ్రీలకు కాచిన డిస్టిల్డ్ నీళ్లు 150 మిల్లీలీటర్లు కలిపి, వేడి పోకుండా చిన్న ఫ్లాస్కులో ఇరవై నిమిషాలు ఉంచి, వడగట్టి, చల్లార్చి కొలవండి. వచ్చిన అంకెను బస్తా మీద మార్కరుతో రాసేయండి. 5.7 అనుకున్నచోట 5.62 వస్తే ఇందాకటి లెక్కలో 16 మిల్లీ ఈక్వివలెంట్లు తగ్గించాలి, అంటే లాక్టిక్ ఆమ్లం 5 మిల్లీలీటర్ల బదులు 3.8 చాలు. మొదటిసారి ఆ కొలతలో కూడా ముప్పాతికే వేసి, మాష్‌ను కొలిచి, ఆ ముప్పాతికకు లెక్కగట్టిన జోస్యానికీ దానికీ తేడా పుస్తకంలో రాసుకోండి. తేడా 0.05 లోపు ఉంటే ఆ బస్తా అయ్యేదాకా ఇక లెక్క మార్చనక్కర్లేదు. ఎక్కువుంటే, మాల్టుకు 40 అనుకున్నాం చూడండి, ఆ అంకెను 35కో 45కో మార్చి చూడండి.